అప్పలాచి కొండల భజన

అమెరికాలో కూడా అప్పన్న కొండ ఒకటి ఉందన్న వార్త నాకు మొట్టమొదట మోసుకొచ్చినవాడు మా బెంజో మావ. ఆ రోజుల్లో మా ఊరికి ఏ వార్తయినా ఆయన సైకిలు మీదే వచ్చేది. అందరి చేతుల్లోనూ సెల్లులు ఉండేవి కానీ, సెల్లులో వచ్చినదాన్ని కూడా మావ వచ్చి చెబితేనే నమ్మేవాళ్ళం. పన్నెండేళ్ళ కిందటి మాట ఇది. ఇప్పుడు తలచుకుంటే తెలియకపోవడం కూడా దేవుడిచ్చిన ఒక సుఖమేమో అనిపిస్తుంది. తెలిసినవాళ్ళు ఒక సంగతి తెలుసుకుని ఊరుకుంటారు. మేము తెలియక దానికి పందిరి వేసి, మామిడాకులు కట్టి, కొబ్బరికాయ కూడా కొట్టాం.

మావ మా అమ్మకు తమ్ముడు. శనివారాలు రామకోవెల భజనలో బెంజో వాయిస్తాడు. (మా వైపు బెంజో అంటే ఒళ్ళో పెట్టుకుని ఒక చేత్తో మీటలు నొక్కుతూ, రెండో చేత్తో తీగలు మీటే చెక్కపెట్టె. అది లేని భజన ఉప్పులేని పులుసు అని మావ అభిప్రాయం.) ఆ రోజు సైకిలు స్టాండు కూడా వెయ్యకుండా గోడకి ఆనించేసి, "ఒలే అమ్మీ, మీ నాన్నేడే? శ్రీకాకుళం కాలేజీ మేష్టారు కబురెట్టినాడు. అమెరికా నుంచి ఇద్దరు ఆడోళ్ళు మనూరొస్తన్నారంట. పాటలు ఆళ్ళే కడతారంట, ఆళ్ళే పాడతారంట. బెంజో కూడా ఆళ్ళే వాయిస్తారంట!" అన్నాడు.

"ఎందుకు మావా, మనూరికి?"

"మన ఆడోళ్ళు ఉభాల్లో నాట్లేస్తా పాడతారు కాదేటి, ఆ పాటలు ఇంటారంట. ఆళ్ళవీ ఇనిపిస్తారంట. ఆళ్ళది అప్పలాచి కొండలంట."

"అప్పలాచి అంటే?"

"అంటే ఏటేటి? అప్పలోళ్ళ కొండ! మనకి సింహాచలం లేదేటి, ఆళ్ళకీ అలాటిదొకటి ఉన్నాది కాబోలు."

ఇది విని నవ్వేవాళ్ళు మా జిల్లాల్లో పుట్టలేదన్నమాట. మా వీధిలో నిలబడి "అప్పలా!" అని కేకేస్తే ఏడు తలుపులు తెరుచుకుంటాయి. అప్పలస్వామి, అప్పలనరసమ్మ, అప్పలకొండ... అప్పన్న పేరు లేని ఇల్లు లేదు. స్వామి ఇంతమందిని ఇక్కడ ఏలుతున్నవాడు, అమెరికాలో ఒక కొండ చూసుకోలేడా? నేను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి, "స్వామీ, ఎంత దూరం వెళ్ళావయ్యా!" అని దండం పెట్టుకున్నాను.

నా సంగతి కూడా చెప్పాలి. చిన్నప్పటి ఆయాసం వల్ల నేను బడికి వెళ్ళింది లేదు. మా నాన్న ఆమదాలవలస స్టేషనులో గూడ్సు గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి ఆయనే చదువు చెప్పేవారు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా సరుకుల ఉత్తరాల ఇంగ్లీషు. నాకూ అదే వచ్చింది. "పై విషయమును పురస్కరించుకొని తమకు సవినయముగా మనవి చేయునది" అన్నది లేకుండా నేను ఆ భాషలో మంచినీళ్ళు కూడా అడగలేను. అంత చదువుతో, పందొమ్మిదేళ్ళ వయసులో, మా అరుగు మీద పిల్లలకు ఇంగ్లీషు చెబుతానని ఒక అట్ట రాసి వేలాడదీశాను. నెల దాటింది. ఒక్క పిల్ల రాలేదు. "బడి గుమ్మం తొక్కని పిల్ల బడెట్టిందంట!" అని బావి దగ్గర నవ్వుకునేవారు. నన్ను అంటే పోనీలే అనుకుందును, "ఆ గుమాస్తా బాబు కూతుర్ని ఇంట్లో ఉంచి పాడుసేసినాడు" అన్న మాట నాన్న చెవిన పడ్డ రోజు ఆయన అన్నం సగంలో వదిలి లేచిపోయారు.

అమెరికావాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే కాలేజీ మేష్టారికి జ్వరం వచ్చింది. "ఇద్దరినీ ఆటో ఎక్కించి పంపేశాను, ఎవరైనా నాలుగు ముక్కలు తర్జుమా చెయ్యండి" అని మావకు ఫోను చేశారు. కోవెల ముందు ఊరంతా కూర్చుని ఉంది. మావ ఫోను పట్టుకుని "ఇప్పుడేటి సెయ్యాల!" అని నెత్తి కొట్టుకుంటుంటే, మా నాన్న స్తంభం దగ్గర నుంచి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, "మా అమ్మాయి చెబుతుంది" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను అప్పన్నను తలచుకున్నాను. (అప్పుడు ఆయన ఏ కొండ మీద ఉన్నాడో మరి.)

ఆటో దిగినవాళ్ళలో ఒకామె తాటిచెట్టంత పొడుగు, నెరిసిన జడ. రెండో ఆమె పొట్టిగా, ఎప్పుడూ నవ్వుతూ. ఊరు అప్పటికప్పుడే పొడుగమ్మ, నవ్వులమ్మ అని పేర్లు పెట్టేసింది. నేను ముందుకెళ్ళి, నాకు వచ్చిన ఇంగ్లీషులో, తమరు ఎట్టి నష్టమూ లేకుండా మంచి స్థితిలో చేరినందులకు ధన్యవాదములు అని చెప్పాను. సరుకు ముట్టిందని రాసే వాక్యం అది. పొడుగమ్మ ఒకసారి తన చేతులూ కాళ్ళూ చూసుకుని, అవునన్నట్టు తలూపింది.

ఆమె పెట్టె తెరిచి బెంజో తీసేసరికి మావ ముఖం చూడాలి. "ఇదేటి, బెంజో? మీటలేవీ? డప్పుకి పొడుగు మెడెట్టి తీగలు కట్టినట్టున్నాది!" అని తన పెట్టెను ఒళ్ళోకి దగ్గరగా లాక్కున్నాడు. నవ్వులమ్మ ఫిడేలు గడ్డం కింద కాక గుండెకి ఆనించి పట్టుకుంది. ఇద్దరూ మొదలుపెట్టారు. ఏం చెప్పను! ఆ డప్పు బెంజో వాన చినుకుల్లా టపటపలాడుతుంటే, పొడుగమ్మ మడమతో నేల కొడుతూ పాడుతుంటే, ముందు వరసలో ముసలమ్మల తలలు వాటంతటవే ఊగడం మొదలుపెట్టాయి. పాట అయ్యాక అందరి కళ్ళూ నా మీదికి వచ్చాయి.

నిజం చెబుతున్నాను, నాకు ఆ పాటలో అర్థమైనవి నాలుగే ముక్కలు. ఏరు, చెయ్యి, నాతో రా, తిరిగి రాలేదు. వాళ్ళ కొండ యాస సరుకుల ఉత్తరాల్లో ఎక్కడా తగలలేదు. స్తంభం దగ్గర నాన్న ఉన్నారు. కోవెల ముందున్నాం. వచ్చినవాళ్ళు అప్పన్న కొండ వాళ్ళు. ఇంకేం కావాలి? గొంతు సవరించుకుని, "ఒక భక్తురాలు ఉండేదట. స్వామి వచ్చి చెయ్యి పట్టుకుని, నాతో రా అన్నాడట. ఏటి ఒడ్డుకు తీసుకెళ్ళి తనలో కలుపుకున్నాడట. ఆమె ఇంక ఈ లోకానికి తిరిగి రాలేదట" అని కళ్ళు మూసుకుని చెప్పాను. (కళ్ళు మూసుకోవడం భక్తితో కాదు, భయంతో.)

"గోవిందా!" అని మావ అరిచాడు. "గోవింద!" అని ఊరు అంది. ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. పూజారిగారు గబగబా కర్పూరం వెలిగించి పళ్ళెం తెచ్చి పొడుగమ్మకు హారతి ఇచ్చేశారు. పాపం ఆమె, మంట ముఖం ముందు తిరుగుతుంటే భయపడాలో దండం పెట్టాలో తెలియక నావైపు చూసింది. బావి దగ్గర నన్ను చూసి నవ్వే ఆడవాళ్ళే "ఎంత బాగా సెప్పింది!" అంటున్నారు. నాన్న తుండుగుడ్డతో ముఖం తుడుచుకుంటున్నారు.

అప్పుడు పక్కనే కూర్చున్న పాటలత్త నా చీర కొంగు లాగింది. పాటలత్త అంటే ఉభాల జట్టుకు పెద్ద. అక్షరం రాదు. మడిలో నడుం వంచితే పాట కట్టేస్తుంది. ఎవరికీ వినబడకుండా, "ఓలమ్మీ, ఇది దేవుడి పాట కాదే" అంది.

"నీకెలా తెలుసత్తా? నీకు ఇంగ్లీషు రాదుగా!"

"నీకొచ్చునేటి? ఆ మడిసి కళ్ళు సూడు. ఎవుడో ఆడపిల్లని సంపేసినాడు. మళ్ళీ అడుగు."

"మరి పాట అంత హుషారుగా ఉందే!"

"పని సేస్తా పాడే పాటే పిచ్చిదానా! దుక్కాన్ని దుక్కంలా పాడితే సెయ్యి ఆగిపోద్ది. నాటెవుడేస్తాడు?"

నేను పొడుగమ్మ దగ్గరికి వెళ్ళాను. నాకు అర్థం కాలేదు అన్న వాక్యం సరుకుల ఉత్తరాల్లో ఉండదు, నేనే మొదటిసారి కూర్చుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, చేతులతో చూపిస్తూ చెప్పింది. పెళ్ళి చేసుకుంటానని నమ్మించి ఒకడు ఒక పిల్లను ఏటికి తీసుకెళ్ళి ముంచేశాడు. అది వాళ్ళ అమ్మమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ పాడిన పాట. పాత పాట పిల్ల చనిపోవడంతో అయిపోతుంది. చివరి చరణం మాత్రం తను కట్టింది. అందులో ఆ పిల్ల చెల్లెలు దీపం పట్టుకుని ఏటి ఒడ్డుకు వచ్చి అక్కను పేరు పెట్టి పిలుస్తుంది. అప్పన్న గురించి కూడా అడిగాను. ఆమెకు తెలియదట.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అత్త ఎవరికీ చెప్పదు. పొడుగమ్మ సాయంత్రం వెళ్ళిపోతుంది. రేపటి నుంచి నా అరుగు నిండా పిల్లలే. నాన్న రేపు తలెత్తుకుని స్టేషనుకు వెళతారు. కానీ ఎదురుగా గుడి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపల రాముడు నన్నే చూస్తున్నాడు, పళ్ళెంలో కర్పూరం ఇంకా ఆరలేదు. "నేను చెప్పింది తప్పు" అన్నాను. ఎవరికీ వినబడలేదు. మళ్ళీ అన్నాను. అసలు కథ చెప్పాను. అప్పన్నకూ ఆ కొండలకూ సంబంధం లేదని కూడా చెప్పేశాను.

నేను నాన్నవైపు చూడలేదు. చివరికి మావ నోరు తెరిచాడు. "అంటే... నాను ఖూనీ పాటకి గోవిందలు కొట్టించీసేనేటి?"

అంతే, ఒక మూల నుంచి నవ్వు లేచింది. అది పాకి పాకి పూజారిగారిదాకా వచ్చింది. ఏం జరిగిందో నవ్వులమ్మకు సైగలతో చెబితే ఆమె ఫిడేలు కింద పెట్టి పొట్ట పట్టుకుంది. "బడెట్టిన మేష్టరమ్మ!" అని ఎవరో అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు పాటలత్త మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది. "నవ్వింది సాలు. హారతి తప్పేటి కాదు. దిక్కులేకుండా ఏట్లో పోయిన పిల్ల, దానికెవుడిచ్చినాడు హారతి ఇన్నాళ్ళూ? మనవిచ్చినాం. ఇంక ఈ అమ్మీ సంగతంటారా, తప్పు సెప్పి తప్పని నలుగుర్లో ఒప్పుకున్న మేష్టర్ని నాను ఈ వయసుకి ఒక్కడిని సూళ్ళేదు. రేపట్నుంచి నా మనవరాలు దీని అరుగు మీదే సదువుతాది" అంది. ఇంక ఎవరి అనుమతీ అడగకుండా, అక్కడే నిలబడి పాట ఎత్తుకుంది. అదీ హుషారుగానే.

"ఏరు దాటెల్లింది ఎర్రంచు సీర,
ఏటి నీరొచ్చింది మా మడికి సేర.
నీరొచ్చిందంటే నువ్వొచ్చినట్టే,
నారు నవ్విందంటే నువ్వు నవ్వినట్టే."

"మొదటి రెండూ మా అమ్మ కట్టినాది, ఆకరు రెండూ నాను కట్టినాను. ఆ పొడుగామెతో సెప్పు" అంది. ఈసారి ఒక్కో మాటా అత్తను అడిగి, అర్థం కానిది అర్థం కాలేదని చెప్పి, చెమటలు కక్కుతూ చెప్పాను. పొడుగమ్మ బెంజో తీసి అత్త వరస పట్టుకుంది. మావ ఇంక ఆగలేక, "మీటల్లేని దాన్తో ఆయమ్మ ఎంతసేపని కష్టపడతాది!" అని తన పెట్టె తీశాడు. రెండు బెంజోలూ ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతుంటే ఊరంతా లేచి అడుగు వేసింది. ఇంటికి వెళ్ళే దారిలో నాన్న ఒక్కమాటే అన్నారు. "అర్థం కాలేదన్న వాక్యం నేను నీకు నేర్పలేదమ్మా, నాకే రాదు." ఆ రాత్రి ఆయన రెండోసారి అన్నం పెట్టించుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అత్త మనవరాలు పలక పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంది. వారం తిరక్కుండా పదకొండు మందయ్యారు. ఈ రోజుకీ అరుగు ఖాళీగా లేదు, స్వామి దయ. కళ్ళు మూసుకుని మోక్షం చెప్పిన ఆ పందొమ్మిదేళ్ళ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకోవాలనీ ఉంటుంది. పాటలత్త నిరుడు ఉభాలకు ముందే వెళ్ళిపోయింది. ఆమె పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. నాకు గుర్తున్నవే పదో పన్నెండో. మీరెప్పుడైనా మా వైపు రైల్లో వెళుతుంటే, మడిలో నడుం వంచిన ఆడవాళ్ళ పాట కిటికీలోంచి వినబడితే, ముక్క అర్థం కాకపోయినా ఫరవాలేదు, మా పాటలత్తను ఒక్కసారి మనసులో తలచుకోండి.