తుప్పు పట్టిన వెనక చక్రాలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో కారు అంటే మా నాయన కారే. పటాన్‌చెరు దాటి పాశమైలారం వైపు వెళ్లే దారిలో ఉంటుంది మా ఊరు. అప్పుడప్పుడే చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. గాలి ఇటు తిరిగిన రోజు అన్నంలో కూడా మందుల వాసన వచ్చేది. నాయన దగ్గర ఒక పాత నల్ల కారు ఉండేది. ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరిని పాము కరిచినా సంగారెడ్డి పెద్దాసుపత్రికి ఆ కారే దిక్కు.

ఒక వానాకాలం వాగు పొంగి ఉండగా నాయన ఎవరో బాలింతను ఇంటికి చేర్చి వచ్చాడు. చక్రాలు మునిగేంత నీళ్లలోంచి తెచ్చిన కారును షెడ్డులో పెట్టి, హ్యాండ్‌బ్రేకు లాగి, లోపలికొచ్చి అన్నానికి కూర్చున్నాడు. ముద్ద చేతిలో ఉండగానే ఒక పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా అయింది. ఆ మాట అందరికంటే నాకే బాగా తెలిసేది. అందుకని నాయన ఏమన్నా నేనే విని మిగతావాళ్లకు చెప్పేదాన్ని.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఇంటికొచ్చిన వాళ్లందరూ ఒకటే మాట అనేవాళ్లు. "ఏం గాదు, మంచిగైతది." జోగిపేట నుంచి వచ్చిన మా మేనమామ అదే అనేవాడు. మా చర్చి నుంచి వచ్చిన పెద్దలు ప్రార్థన చేసి, లేచి వెళ్లేముందు అదే అనేవాళ్లు. అమ్మ పొద్దున, మాపున అదే అనేది. నాయన వినేవాడు, తల ఊపేవాడు. పొద్దున్నే నన్ను పిలిచి, "బండి సూసినవా బిడ్డా?" అని అడిగేవాడు. నేను వెళ్లి దుమ్ము తుడిచి, వచ్చి, బండి మంచిగుంది నాయనా అనేదాన్ని.

అలా ఇంకో వానాకాలం కూడా గడిచిపోయింది. క్రిస్మస్ నాటికి తాను మళ్లీ స్టీరింగు పడతానని, బండి బయటికి తీయమని నాయన పట్టుబట్టాడు. మేనమామ నలుగురిని పిలిచి తోయించాడు. ముందు చక్రాలు కదిలాయి. వెనక చక్రాలు మాత్రం తిరగలేదు. నేలను గీసుకుంటూ జానెడు జరిగి ఆగిపోయాయి. ఆ గీకుడు శబ్దం మంచంలో ఉన్న నాయన చెవిన పడింది. ఆ రోజు నుంచి ఆయనకు ఇంకో ధ్యాస లేదు.

మా పక్కింటి చాచాకు పటాన్‌చెరులో హైవే పక్కన లారీల రిపేరు షెడ్డు ఉండేది. నాయనా ఆయనా పడుచుతనం నుంచి కలిసి తిరిగినవాళ్లు. శుక్రవారం నమాజు అయ్యాక ఆయనకు పని ఉండేది కాదు. అలా ఒక శుక్రవారం సామాన్ల సంచితో వచ్చాడు. నాయన తన మంచాన్ని మోయించి మా కారు షెడ్డు ముందు వేయించుకున్నాడు.

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక జాకీ ఎత్తి, చక్రం ఊడదీశాడు. లోపల ఇనుప డబ్బాలాంటిది కనబడింది. దాన్ని డ్రమ్ము అంటారు. బ్రేకు పట్టేది దాని లోపలే. నీళ్లు చేరి, హ్యాండ్‌బ్రేకు లాగినట్టే ఉండిపోవడంతో లోపలి పట్టీలు దానికి కరుచుకుపోయాయి. వెనక ఇరుసుకూ దానికీ మధ్య తుప్పు అతుకులా పట్టేసింది. అది ఊడి వస్తే తప్ప చక్రం తిరగదు.

చాచా కారు కిందికి దూరి హ్యాండ్‌బ్రేకు తీగ వదులు చేశాడు. తుప్పు వదలడానికి సందుల్లో గ్యాసునూనె, అంటే కిరసనాయిలు, పోశాడు. చెక్కముక్క అడ్డం పెట్టి చుట్టూ సుత్తితో కొట్టాడు. రాలేదు. మళ్లీ శుక్రవారం దాకా నాననిద్దామన్నాడు. ఆ వారమంతా నేను బడి నుంచి రాగానే సందులో నూనె పోసేదాన్ని. తర్వాత చాచా ఇంకోసారి వచ్చి మంటతో కాల్చాడు. కాలిన తుప్పు వాసన ఇల్లంతా నిండింది గానీ డ్రమ్ము జరగలేదు. ఒక్కో దెబ్బకూ నాయన మెడ ఎత్తి చూసేవాడు. "ఇంక జెర కింద గొట్టమను" అనేవాడు నాతో. నేను చెప్పేదాన్ని. చాచా అక్కడే కొట్టేవాడు.

ఒకసారి చేతులు కడుక్కోవడానికి నీళ్లిస్తూ అమ్మ ఆయనతో మెల్లగా అంది. "అన్నా, రాకపోయినా వస్తదనే చెప్పున్రి. గా ఆశ మీదనే బతుకుతున్నడు మనిషి." చాచా చేతులు రుద్దుకోవడం ఆపేశాడు. సబ్బు నురగ చేతుల మీద అట్లాగే ఆరిపోయింది.

చివరిసారి వచ్చినప్పుడు చాచా తన రిపేరు షెడ్డు నుంచి పుల్లరు తెచ్చాడు. డ్రమ్ము అంచును మూడు కొక్కేలతో పట్టుకుని, నడుమ మర బిగిస్తే దాన్ని బయటికి లాగే పనిముట్టు అది. చాచా ఆగి ఆగి బిగించాడు.   టప్పున శబ్దం వచ్చింది. వచ్చేసిందనుకుని నేను చప్పట్లు కొట్టాను. చూస్తే డ్రమ్ము అంచు విరిగి ముక్క కిందపడి ఉంది. మిగిలిందంతా ఎక్కడిది అక్కడే పట్టుకుని ఉంది.

అమ్మ గబగబా ముందుకొచ్చింది. "ఏం గాదు, అన్న కొత్తది తెచ్చి ఏస్తడు" అంది.

చాచా చాలాసేపు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ తర్వాత వచ్చి మంచం మీద నాయన పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, నీకు అబద్ధం జెప్ప. ఇది ఇగ రాదు. లోపల మొత్తం తినేసింది. ఇంకోటి తెచ్చి ఏసినా ఈ బండి నడవది."

నాయన పెదవులు కదిలాయి. ఆయన ఏమన్నాడో నాకు అర్థమైంది. 

"ఏమంటుండు బిడ్డా?" అన్నాడు చాచా.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ వద్దన్నట్టు తల ఊపింది. నాయన కళ్లు నా మీదే ఉన్నాయి.

"మరి తన చెయ్యి సంగతేందని అడుగుతున్నడు" అన్నాను.

చాచా నాయన కుడి చేతిని తన ఒళ్లోకి తీసుకున్నాడు. ఆ పట్టు నాయన చేతికి తెలియదని మా అందరికీ తెలుసు.

"గది గూడ రాదు తమ్మీ. డాక్టరు గప్పుడే మాతోని జెప్పిండు. నీకు ఎవలం జెప్పలే."

అమ్మ చేతిలో ఉన్న చెంబు విసిరేసి లోపలికి పోయింది.  నాయన ఏడ్చాడు. పెద్దమనిషి గొంతెత్తి ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి. చాచా ఊరుకోమని అనలేదు.  పొద్దుగూకగానే మగ్రిబ్ నమాజుకు పిలిచే అజాన్ వినిపించింది. ఆయన లేవలేదు. నాయన అలిసిపోయి కళ్లు మూసుకునేదాకా ఆ చెయ్యి పట్టుకుని కూర్చునే ఉన్నాడు.

ఆ రోజుతో ఏదో బాగుపడిందని నేను చెప్పలేను. పాత ఇనుము వాళ్లు వచ్చి కారును గొలుసులు కట్టి ఈడ్చుకుపోయారు. అమ్మ చాచాతో చాలాకాలం మాట్లాడలేదు. నాయన మళ్లీ వానాకాలం చూడలేదు. కానీ ఆ తర్వాత ఆయన పొద్దున్నే నన్ను బండి దగ్గరికి పంపడం మానేశాడు. ఎడమ చేత్తో తినడం నేర్పమని అమ్మను అడిగాడు. తనను మా నాయనమ్మ సమాధి పక్కనే పెట్టమని చెప్పాడు. నన్ను బడి మాన్పించొద్దని ఒట్టు వేయించుకున్నాడు. మంచిగైతదనే మాట ఇంట్లో తిరుగుతున్నన్నాళ్లు ఇవేవీ అడగడానికి ఆయనకు చోటు దొరకలేదు. చివరి నెలల్లో అమ్మా నాయనా గోడవారగా కూర్చుని మాట్లాడుకోవడం విన్నాను. మధ్యలో అర్థం చెప్పడానికి నన్ను పిలవలేదు. నాయన ముద్దమాట అమ్మకే తెలియసాగింది.

నేను పెద్దయ్యాక నర్సునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా చేసి నిరుడే దిగిపోయాను. "తగ్గుతదా బిడ్డా?" అని అడిగిన కళ్లను లెక్కలేనన్ని చూశాను. వాళ్ల వెనక నిలబడి చెప్పొద్దని చేతులు ఊపిన వాళ్లను కూడా చూశాను. నిజం చెప్పినందుకు నన్ను తిట్టినవాళ్లున్నారు. గోడ వైపు తిరిగి పడుకుని మళ్లీ నాతో మాట్లాడనివాళ్లున్నారు. చెప్పినంత మాత్రాన ఎవరూ లేచి నడవలేదు. నాకున్న అలవాటు ఒక్కటే. తెలుసుకోవాలని అడిగినవాళ్లకు అబద్ధం చెప్పలేదు. చెప్పిన రోజున డ్యూటీ అయిపోయినా చీర మార్చుకోవడానికి పోలేదు. స్టూలు లాక్కుని ఆ మంచం దగ్గర కూర్చునేదాన్ని. ఇంటికెళ్లే ఆఖరి బస్సు తప్పిపోయిన రోజులు కూడా ఉన్నాయి.