ఒక్కసారి కాంతారావుగారు

ఊరికే వచ్చేదాన్ని ఎవరైనా రెండోసారి తీసుకుంటే కాంతారావుగారికి ఆ పూట అన్నం సయించదు. మొదటిసారి ఎవరైనా తీసుకోవచ్చు, కావాలంటే ఆయనే దగ్గరుండి ఇప్పిస్తారు. రెండోసారి చెయ్యి చాపారో, అయిపోయారన్నమాటే. ఆ చెయ్యి ఎవరిదో, దాని మీద పుట్టుమచ్చ ఎక్కడుందో ఆయనకి కంఠతా వచ్చు. బందరులో ఆయన్ని వెనకాల అందరూ 'ఒక్కసారి కాంతారావు' అంటారు. ఎదురుపడితే మాత్రం గారు చేరుస్తారు.

ఆయన ఆఫీసులో పనిచేసే హిమబిందుకి ఈ సంగతి ఉద్యోగంలో చేరిన వారానికే తెలిసింది. కార్తీకమాసమని ఆయన స్టాఫునంతా వ్యానులో శ్రీకాకుళం తీసుకెళ్లారు. మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళమే లెండి, ఆంధ్ర మహావిష్ణువు గుడికి. దర్శనం రెండు నిమిషాల్లో ముగించేసి, పులిహోర పంచే చోటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, మీరు ఇందాకే తీసుకున్నారు."

"నేనా? ఇప్పుడే బస్సు దిగానండీ."

"ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. ఇందాక కళ్లజోడుతో వచ్చారు, ఇప్పుడు తీసేసి వచ్చారు."

"ఇది మా ఆయనకండీ."

"మీ ఆయనా తీసుకున్నారు. గడ్డం మీద మూడు కుట్లు."

మూడు కుట్లాయన అప్పటికి స్తంభం పక్కన నిలబడి రెండో దొప్ప ఖాళీ చేస్తున్నాడు. పూజారిగారు విసుక్కున్నారు. "స్వామివారికి లేని బాధ మీకెందుకండీ కాంతారావుగారూ?"

"స్వామివారికి లక్ష పనులు. ఎవరో ఒకరు చూసుకోవాలిగా."

ఈ మచ్చల పట్టింపు పుట్టుకతో వచ్చింది కాదు. చాలా ఏళ్ల కిందట పామిడిముక్కలలో ఒక పెళ్లికి వెళ్లి, ఐస్‌క్రీం దగ్గర రెండోసారి వచ్చాడని ఒక కుర్రాణ్ణి రెక్క పట్టుకుని పదిమందిలోకి లాక్కొచ్చారు. అప్పుడే లోపల్నించి అచ్చు అలాంటి కుర్రాడే ఇంకొకడు మూతి తుడుచుకుంటూ వచ్చాడు. వాళ్లిద్దరూ పెళ్లికూతురి తమ్ముళ్లు, కవలలు. ఆయన అక్కడ భోజనం చెయ్యకుండానే బస్సెక్కేశారు. ఆనాటి నుంచీ మొహాన్ని నమ్మడం మానేశారు. పదో తరగతి సర్టిఫికెట్లో గవర్నమెంటు రెండు పుట్టుమచ్చలు రాయిస్తుందంటే ఊరికే రాయించదని ఆయన వాదన.

హిమబిందు ఇంటర్వ్యూ కూడా అలాగే జరిగింది. గుడివాడ నుంచి పొద్దున్నే బస్సెక్కి, దారంతా ప్రోగ్రామింగ్ బట్టీపట్టి వచ్చింది పాపం. రోల్డుగోల్డు దుకాణం పైనున్న ఆ చిన్న ఆఫీసులో ఆయన ఆమె సర్టిఫికెట్ తిరగేసి, "కుడి మోచేతి మీద మచ్చ అని రాశారు. ఏదమ్మా?" అన్నారు. చూపించింది. "సరే, రేపట్నించి రా. ఏడాది పని చూసి ఖాయం చేస్తాను" అన్నారు. ఇంటర్వ్యూ అయిపోయింది.

కంపెనీ తయారుచేసేది రొయ్యల చెరువుల సాఫ్ట్‌వేర్. పేరు 'చెరువు మాట'. నీళ్లలో ఉప్పెంత, ఆక్సిజనెంత అని కొడితే, మేత తగ్గించండి, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకండి అని తెలుగులో కాగితం తీసిస్తుంది. మొదటి ముప్పై రోజులు ట్రయల్ కింద ఊరికే వాడుకోవచ్చు, ఆ తర్వాత కొనుక్కోవాలి. జనం ఏం చేసేవారంటే, ముప్పై రోజులు కాగానే కొత్త పేరుతో, కొత్త ఈమెయిలుతో మళ్లీ ముప్పై రోజులు తీసుకునేవారు. ఒకాయన తన పేరు, భార్య పేరు, అత్తగారి పేరు అన్నీ అయిపోయి 'గౌరి' అని పెట్టాడు. గౌరి వాళ్ల గేదె అని తెలిసిన రోజున కాంతారావుగారు మధ్యాహ్నం క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

"అమ్మాయ్, కంప్యూటర్‌కి పుట్టుమచ్చలుండవా?" అన్నారు దిగులుగా.

"ఉంటాయి సార్. మదర్‌బోర్డుకో నంబరు, డిస్కుకో నంబరు, నెట్‌వర్కు కార్డుకో నంబరు. ఏ రెండు కంప్యూటర్లకీ ఈ మూడూ ఒకటి కావు."

"మూడా? మనిషికి రెండే కదమ్మా." ఆయన మొహం వెలిగిపోయింది.

నెల తిరక్కుండా హిమబిందు తాళం తయారుచేసింది. పేరేదైనా, ఈమెయిలేదైనా, ఆ మూడు నంబర్లూ చూసి 'ఈ కంప్యూటర్‌కి ముప్పై రోజులు అయిపోయాయి' అనేస్తుంది. మూడింట్లో ఏ ఒక్కటి మారినా కొత్త కంప్యూటర్ కింద లెక్కకట్టాలని రూలు పెట్టింది మాత్రం కాంతారావుగారే. తర్వాతి వారమే గేదె ఆసామి ఫోను చేశాడు.

"ఏవండీ, మా గౌరి పేరు పెడుతుంటే తీసుకోవట్లేదు."

"గౌరికైనా ఒక్కసారే" అని ఫోను పెట్టేసి, కాంతారావుగారు ఆ రోజు రెండు పూటలదీ కలిపి భోంచేశారు.

అలా పదకొండు నెలలు హాయిగా గడిచాయి. విజయవాడ నుంచి ఒక మేత కంపెనీ తమ రైతులందరికీ 'చెరువు మాట' పంచుతామని ముందుకొచ్చింది. అది కుదిరితే ఆఫీసులో అయిదుగురికీ ఇక ఢోకా లేదు. పరీక్షించడానికి వాళ్ల మనిషి గిరీష్ వచ్చి, రెండు రోజులు రికార్డులన్నీ గాలించాడు. మూడో రోజు హిమబిందు ముందు ఒక కాగితం పెట్టాడు.

"నాగాయలంకలో ఒకే చోటు నుంచి పదకొండు ట్రయల్స్ అండీ. ఒకటి అయిపోయిన రోజునే ఇంకోటి మొదలు. ఇంత సులువుగా తెరుచుకునే తాళాన్ని మేం తీసుకోలేం. ఎలా జరిగిందో శుక్రవారం లోపల చెప్పండి. లేదంటే వేరేవాళ్లని చూసుకుంటాం."

హిమబిందు ఆ కాగితం లాక్కుంది. తాళం తనది. ఏడాది నిండటానికి ఇంకా పది రోజులుంది. పరుగున కాంతారావుగారి దగ్గరికి వెళ్లింది. ఊరికే తీసుకోవడం పదకొండుసార్లంటే ఆయన కుర్చీలోంచి పడిపోతారేమోనని భయపడుతూనే చెప్పింది. ఆయన పడలేదు సరికదా, కిటికీలోంచి రోడ్డు చూడటం మొదలుపెట్టారు.

"నాగాయలంక కదమ్మా, సముద్రం దగ్గర. ఉప్పు గాలి. పార్టులు తుప్పు పట్టి పోతుంటాయి. మార్చుకుంటుంటారు."

"సరిగ్గా ముప్పయ్యో రోజునే పోతున్నాయి సార్. ఉప్పు గాలికి క్యాలెండర్ తెలుసా?"

"వదిలెయ్యమ్మా."

వదిలెయ్యమ్మా అన్నారు. పులిహోర రెండో దొప్ప వదలని మనిషి. హిమబిందుకి ఒళ్లు మండింది. కాగితం మళ్లీ చూస్తే పదకొండో ట్రయల్ గురువారంతో అయిపోతుంది. అంటే గురువారం దొంగ చేతులు కదపాల్సిందే. గురువారం సెలవడిగితే ఆయన వెంటనే ఇచ్చేశారు. ఆయనకీ ఆ రోజు సెలవేనట, గుడివాడలో పంటి డాక్టరు దగ్గర పని. నెలకోసారి వెళ్తూనే ఉంటారు. ఈ లెక్కన ఆయన నోట్లో ఇంకా పళ్లు మిగిలాయా అని ఆఫీసులో అందరికీ అనుమానమే.

గురువారం పొద్దున్నే హిమబిందు చల్లపల్లి, అవనిగడ్డ దాటుకుంటూ నాగాయలంక చేరింది. అడ్రసు పట్టుకుని వెళ్తే రేకుల షెడ్డు. 'వీరదుర్గ నీటి పరీక్షలు' అని చేత్తో రాసిన బోర్డు. బయట బల్ల మీద ఏడెనిమిది మంది, అరెకరం ఎకరం చెరువుల వాళ్లు, కూల్‌డ్రింకు సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకుని కూర్చున్నారు. లోపల నలభై ఏళ్లావిడ ఒక సీసాలోకి మందు చుక్కలేసి రంగు చూస్తోంది. మూలన పాత కంప్యూటర్.

హిమబిందు తను ఫలానా కంపెనీ అని చెప్పగానే వీరదుర్గ కుర్చీ తుడిచి వేసింది.

"మీరొచ్చారేంటమ్మా? తనిఖీకి నెలనెలా మీ పెద్దాయనే వస్తారుగా."

"ఏ పెద్దాయన?"

"కాంతారావుగారు. వచ్చి ఆ పెట్టె విప్పుతారు. దుమ్ము పేరుకుందని ఒకటి, తుప్పు పట్టిందని ఒకటి, నన్ను నాలుగు తిడతారు. ఏదో చిన్న ముక్క తీసి ఇంకోటి పెడతారు. కొత్త కంప్యూటర్ అయిందమ్మా, మళ్లీ ముప్పై రోజులు వాడుకో అని వెళ్లిపోతారు."

హిమబిందు ఆ పెట్టె వైపు చూసి, "మీరు కొనుక్కోవచ్చుగా అక్కా?" అంది.

"మొదటి ముప్పై రోజులూ రేపటితో అయిపోతాయనగా నేనే ఫోను చేసి చెప్పానమ్మా, ఇప్పుడు కొనే ఓపిక లేదు, తీసేస్తానని. పెద్దాయన మర్నాడే వచ్చారు. ఊరికే ఉంచుకో అన్నారు. నాకొద్దన్నాను. మా నాన్న వేటకెళ్లి ఒట్టి వలతో వచ్చిన రోజున కూడా ఎవరి దగ్గరా ఊరికే చేప తీసుకోలేదు. అందరికీ ఇచ్చే ముప్పై రోజులైతే సరే, అంతకుమించి వద్దన్నాను. సరేనని పెట్టె విప్పి చూశారు. తిట్టడం అప్పుడే మొదలుపెట్టారు."

"మరి తర్వాత ప్రతినెలా?"

"అదీ ఊరికే ఏం వాడుకోవట్లేదమ్మా. మీ కాగితంలో తప్పొచ్చినప్పుడల్లా, ఇక్కడి నీళ్లకి ఇది కుదరదు, ఇలా ఉండాలి అని రోజూ రాసి పంపుతున్నాగా."

నాగాయలంక నుంచి రోజూ వచ్చే ఆ దిద్దుబాట్లు హిమబిందుకి బాగా తెలుసు. మొదట్లో సముద్రపు దగ్గరి చెరువులకి సాఫ్ట్‌వేర్ చెప్పేవన్నీ తప్పులే. వాటిని చూసుకునే ఉప్పు లెక్కలన్నీ సరిచేసింది. నెలకో కొత్త కంప్యూటర్ నుంచి వస్తుంటే, నాగాయలంకలో పదకొండు మంది పుణ్యాత్ములున్నారని అనుకుంది. పదకొండు మందీ ఈవిడే.

అంతలో గుమ్మంలో కాంతారావుగారు ప్రత్యక్షమయ్యారు. ఒక చేతిలో స్క్రూడ్రైవరు, ఇంకో చేతిలో రుమాలులో చుట్టిన పాత నెట్‌వర్కు కార్డు. హిమబిందుని చూసి చప్పున దవడ పట్టుకున్నారు.

"గుడివాడలో డాక్టరు లేడమ్మా. ఇక్కడెవరో బాగా చూస్తారంటే..."

"స్క్రూడ్రైవరుతోనా సార్?"

ఆయన దవడ వదిలేశారు. హిమబిందు ఆయన్ని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లింది. ఆమెకి కోపం వస్తోంది, ఏడుపూ వస్తోంది.

"రేపు నా ఉద్యోగం పోయేది సార్."

"ఎలా పోతుందమ్మా? రేపు పొద్దున్నే గిరీష్‌తో నేనే దొంగనని చెప్పేద్దామనుకున్నాను. వాళ్లు పోతే పోనీ."

"ఇంత గొడవ ఎందుకు సార్? నాకొక్క మాట చెప్తే ఆవిడ కంప్యూటర్‌కి తాళం తీసేసేదాన్నిగా."

"రూలు రూలే అమ్మా, నా కోసం మార్చకూడదు. పైగా తాళం తీసేస్తే ఊరికే ఇచ్చినట్టవుతుంది, ఆవిడ పుచ్చుకోదు. ఆ బల్ల మీదున్న వాళ్లు చూడు, ఒక్క రాత్రి చెరువు తిరగబడి రొయ్యలు చచ్చిపోతే ఏడాదంతా పోతుంది వాళ్లకి. ఆవిడ కాగితం లేకపోతే వాళ్లకి దిక్కెవరు? అందుకని కంప్యూటర్నే కొత్తది చేస్తున్నాను. ఒక కంప్యూటర్‌కి ఒక్కసారే, తప్పలేదుగా?"

హిమబిందుకి ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, ఇక దాచకుండా చెప్పేసింది.

"తప్పింది సార్. ఊరికే తీసుకున్నది ఆవిడ కాదు, మనం. మన ఉప్పు లెక్కలన్నీ ఆవిడ దిద్దినవే. పదకొండు నెలలుగా రోజూ తీసుకుంటున్నాం, ఒక్క రూపాయి ఇవ్వలేదు."

కాంతారావుగారు గట్టు మీద కూలబడ్డారు.

"రోజూనా?"

"రోజూ సార్. ఆదివారాలు కూడా."

"ఎన్నిసార్లు అయి ఉంటుంది?"

"మూడొందల పైమాటే."

పులిహోర రెండు దొప్పలు తిన్నవాళ్లందరూ ఆ నిమిషంలో ఆయన కళ్ల ముందు కదిలి ఉంటారు. తర్వాత లేచి, బట్టలకంటిన మట్టి దులుపుకుని, నేరుగా షెడ్డులోకి వెళ్లి వీరదుర్గ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, ఇన్నాళ్లూ నీ పని ఊరికే వాడుకున్నాం. సాఫ్ట్‌వేర్ నీదే, ఎప్పటికీ. ఇక మీదట నువ్వు దిద్దిన ప్రతి కాగితానికీ కూలి కట్టిస్తాను. కాదనకు, ఇది ఊరికే ఇచ్చేది కాదు."

వీరదుర్గ ఆలోచించింది. "కూలైతే తీసుకుంటానండీ" అంది. బయట బల్ల మీదివాళ్లు సీసాలు పైకెత్తి నవ్వారు.

శుక్రవారం గిరీష్‌కి ఉన్నదున్నట్టు చెప్పారు. అతను అంతా విని, కాంతారావుగారి వైపు తిరిగాడు.

"అంటే, ఈ తాళాన్ని మీరు కూడా తియ్యలేకపోయారు."

"తియ్యలేదు. వంగి స్క్రూలు విప్పాల్సొచ్చింది ప్రతినెలా. నడుం నొప్పి కూడాను."

"ఓనరే పార్టులు సంచిలో వేసుకుని బస్సెక్కక తప్పలేదంటే, ఇక బయటివాళ్ల సంగతి చెప్పాలా?" అని నవ్వి, గిరీష్ అక్కడే సంతకం పెట్టాడు. ఆ సాయంత్రమే హిమబిందు ఉద్యోగం ఖాయమైంది.

ఆ గురువారం నుంచి ముప్పయ్యో రోజున కాంతారావుగారు పొద్దుట్నించీ కుదురుగా కూర్చోలేదు. పదిన్నరకి ఫోను మోగింది. వీరదుర్గ.

"ఇవాళ తనిఖీకి రారేంటండీ?"

"ఇక అక్కర్లేదుగా అమ్మా. సాఫ్ట్‌వేర్ నీదేగా."

"సాఫ్ట్‌వేర్ సంగతి కాదండీ. ఈ నెల తిట్లు ఇంకా పడలేదని మా వాళ్లంతా సీసాలు పట్టుకుని పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. మట్టగిడస చేపల పులుసు కూడా పెట్టాను."

"సర్లే, దుమ్ము పట్టి ఉంటుంది ఆ పెట్టెకి. నిన్ను నమ్మడానికి లేదు" అని గట్టిగా కసిరి, కాంతారావుగారు పదకొండు గంటల నాగాయలంక బస్సుకి బయల్దేరారు.