ఉడుతకు నేను ఏజెంటు

పంతొమ్మిదేళ్ల వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. ముప్పైకి వచ్చేసరికి అందులో సగం ఎగిరిపోతుంది, మిగిలిన సగాన్ని కన్నపిల్లలు ఊడగొడతారు. ఆ సర్వజ్ఞత నాలో ఉరకలేస్తున్న రోజుల్లో జనగామలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో డిజైనర్‌గా ఉండేదాన్ని. (డిజైనర్ అంటే, లీడర్ల వెనక పులినో సూర్యుణ్నో అతికించేదాన్ని.) పక్కనే చాయ్ హోటల్. అక్కడ కూర్చున్నవాళ్లకు దేశదేశాల ఆటగాళ్ల తరఫున జట్లతో బేరాలాడే ఏజెంట్లందరూ ఇంటి పక్కవాళ్లంత పరిచయం. "ఆటగాడు పాపం మంచోడే, ఆ ఏజెంటుగాడే రాక్షసుడు" అనేవాడొకడు. "వాడు ఫోన్ ఎత్తకపోతె టీమోళ్లు గజగజ వణుకుతరట" అనేవాడు ఇంకొకడు. రోజూ తిట్టేవారు. తిట్టి తిట్టి, ఆఖర్న "గట్లాంటోడు మనకొక్కడు ఉంటేనా!" అని నిట్టూర్చేవారు. ఇంతమంది నోళ్లలో పడి ఇంత భయం పుట్టించే ఉద్యోగం లోకంలో మరోటి లేదనిపించింది నాకు. ఆదివారం అంగడిలో నల్లద్దాలు కొన్నాను.

ఆటగత్తె నాకు సిద్ధంగానే ఉంది. ఇంటర్ చదివిన రెండేళ్లూ కాలేజీ హాస్టల్లో నా పక్క మంచం పిల్ల, మహబూబాబాద్ దగ్గరి తండా వాళ్లది. కబడ్డీలో కూతకు వెళ్లిందంటే నలుగురి చేతుల కింద నుంచి జారి గీత దాటేది కాబట్టి అందరం ఉడుత అనేవాళ్లం. ఆ చలికాలం భూపాలపల్లి జిల్లాలో టేకుమట్ల దగ్గర ఒక ఊళ్లో ఆడపిల్లల కబడ్డీ పోటీలు పెట్టారు. జట్టుకొక పిల్లను బయటి ఊరి నుంచి తెచ్చుకోవచ్చు. చూడ్డానికి హైదరాబాద్ నుంచి అకాడమీ కోచ్ వస్తున్నాడు, నచ్చిన పిల్లను తీసుకుంటాడు. ఉడుత వాళ్ల నాయిన నాకు ఫోన్లో ముందే తేల్చి చెప్పాడు. "గా అకాడమీల తీసుకుంటె సదువు, ఆట రెండు నడుస్తయి బిడ్డా. లేకుంటె మాతోని ఖమ్మం దిక్కు మిర్చి ఏరనీకె రావాలె. ఒక్కదాన్ని ఇంట్ల ఇడిసిపెట్టి పోతమా?" ఆయన మాటలో తప్పేం లేదు. ఉడుతకు ఉన్నది ఆ ఒక్క రోజే.

ఉడుతను ఆడించాలంటే ఏజెంటునైన నాతోనే మాట్లాడాలని అందరికీ నా నంబరు ఇప్పించాను. పోటీలు పెట్టినాయనే తన ఊరి జట్టు కోసం నాకు ఫోన్ చేశాడు. రెండుసార్లు ఎత్తలేదు. (ఫోన్ చేతిలోనే ఉంది, చెయ్యి దురద పెడుతూనే ఉంది.) మూడోసారి నల్లద్దాలు పెట్టుకుని ఎత్తాను. "చెల్లె, మీ పిల్ల మా ఊరి తరఫున ఆడాలె. ఉండనీకె మా ఇల్లుంది, మా ఇంటోళ్లతోనే బువ్వ తింటది. ఫ్లెక్సీ నమూనా పంపిన, చూసినవా?" చూశాను. నడుమ నిండుగా ఎవరో పెద్దాయన, మూలకు చిన్నగా ఉడుత. అంత మంచి మనిషికి సరేనన్నా అంటే నా సొమ్మేం పోయేది? "ఫోటో సైజు నచ్చలే. మా ప్లేయర్ ఫోటో అందరికన్న పెద్దగుండాలె" అన్నాను.

"అందరికన్నంటె?"

"అందరికన్ననే. నడిమిట్ల ఉన్న గా పెద్దాయన కన్న గూడ."

అవతల ఆయన గొంతు సవరించుకున్నాడు. దెబ్బకు దారికొచ్చాడని నేను లోపల పొంగిపోతున్నాను. "ఆయన మా నాయిన చెల్లె" అన్నాడు మెల్లగా. "పోయి ఏడాదైంది. ఆయన యాదికే ఈ ఆటలు పెట్టినం." పిసరంత బుద్ధి ఉన్న మనిషి అక్కడ తప్పయిందన్నా అనేది. నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ నోరు రాదు, అయినా చెబుతాను. "అది మీ ఇష్టం. మా కండిషన్ మాత్రం గిదే" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు.

పెద్ద ఏజెంట్లు తొందరపడరు, ఆయనే మళ్లీ చేస్తాడని కూర్చున్నాను. చేయలేదు. ఉడుతకు చెప్పనూ లేదు. పోటీల పొద్దున హనుమకొండలో కలిసి భూపాలపల్లి బస్సెక్కాం. వాళ్లమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు నాకు పెడుతూ, అకాడమీలో తన పెట్టె కిటికీ పక్కన పెట్టుకుంటానని చెబుతూనే ఉంది. పరకాలలో చెబుదామనుకున్నాను, దాటిపోయింది. తరవాత ఏ ఊళ్లోనూ నోరు పెగల్లేదు. మైదానం దగ్గర ఫ్లెక్సీ మీద, మూలన, ఎవరో వేరే పిల్ల నవ్వుతోంది.

"గిది నేను కాదు గదనే?" అంది ఉడుత. అప్పుడు చెప్పాను, మొత్తం. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సున్నం గీత పక్కన గొంతుక్కూర్చుని ఆట చూసింది. అద్దాలు తీసి సంచిలో పడేసి, ఆయన్ను వెతుక్కుంటూ పోయి నలుగురిలో చేతులు జోడించాను. "తప్పయింది అన్నా. మీ నాయినని తెల్వక అన్న. తెల్సినంక గూడ అన్న."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "పేర్లు రాసిచ్చినం చెల్లె. గా పిల్లను గూడ ఆశపెట్టి తెచ్చినం. ఎట్ల తీసేస్త?" అన్నాడు. నిజమే, ఎలా తీసేస్తాడు?

ఆట ముగిసింది. కోచ్ కారు వైపు నడుస్తుంటే వెనకాల ఉరికాను. "సార్, మా ప్లేయర్‌ను ఒక్కసారి చూడుండ్రి!"

"నువ్వెవరమ్మా?"

"ఏజెంటును సార్."

"ఏజెంట్లు ఈ ఊళ్లకు కూడా వచ్చేశారా! దండం తల్లీ" అని కారు తలుపు తీశాడు. చాయ్ హోటల్లో విన్న తిట్లన్నీ ఆ ఒక్క దండంలోనే ఉన్నాయి. ఇక ఉడుతకు మిరపచేనే గతి అనుకున్నాను. అంతలో వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"సార్, ఏజెంటు గీజెంటు ఏం లేదు, గీ పిల్ల దోస్తు కోసం కొట్టుకలాడుతంది. మా నాయిన ఉంటే దాని ఆట చూడకుండ మిమ్ముల పంపకపోతుండె. జర రెండు కూతలు చూసి పోండ్రి." ఆయనే! నేను ఎవరి తండ్రిని చిన్నచేశానో, ఆ మనిషే.

కోచ్ తలుపు వేశాడు. గెలిచిన పిల్లలు చెమటలతోనే మళ్లీ బరిలో నిలబడ్డారు. ఉడుత చెప్పులు విడిచి, చున్నీ నడుముకు బిగించి వెళ్లింది. మొదటి కూతలో ఇద్దరిని అంటుకుని వచ్చేసింది. రెండోదాంట్లో దొరికిపోయింది కానీ, ముగ్గురు నడుం పట్టుకుని వేలాడుతుంటే వాళ్లనీ ఈడ్చుకుంటూ మధ్య గీత మీదికి చెయ్యి చాపింది. కోచ్ బరి దగ్గరికొచ్చి దాని ఊరు, చదువు అడిగాడు. తరవాత, "సోమవారం మీ నాన్నను తీసుకుని రా" అన్నాడు.

తిరుగు బస్సులో చాలాసేపటికి ఉడుత నా డొక్కలో పొడిచింది. "నిజంగనే గా పెద్దాయన కన్న పెద్దగ నన్ను పెట్టమన్నవా?"

"ఊ."

"మా నాయినకు చెప్పకు, సంపుతడు." ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నాకు ఏడుపొచ్చేసింది. అది తన చున్నీతోనే నా ముక్కు తుడిచి, "ఏడ్వకే, ఏజెంట్లు ఏడుస్తరా?" అంది.

ఇప్పుడు ఉడుత ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతోంది. టీవీలో ఎవరో పెద్ద ఏజెంటును దుమ్మెత్తిపోస్తుంటే మా ఇంట్లో అందరూ ఔనౌనంటారు, నేను మాత్రం కిక్కురుమనను. నల్లద్దాలు పెట్టుకుని ఫోన్ ఎత్తిన ఆ పంతొమ్మిదేళ్ల తిక్కపిల్ల గుర్తొస్తుంది. దానికి దోస్తు మీద ప్రేమ తక్కువేం కాదు, తెలివి ఎక్కువై చచ్చింది. ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టి, ఆ తరవాత ఒక చాయ్ ఇప్పిస్తాను.