టైరు కింద చెక్క

బస్తర్ కొండల్లోని ఇనుప గనిలో ఇరవై ఏళ్లుగా డంపర్ నడుపుతున్నాను. కిందటేడు శిక్షణలో కళ్లకు వీఆర్ అద్దాలు తగిలించి, అందులో కనిపించే డంపర్‌ను నడపమన్నారు. వాలులో ఆపి దిగాను. టైరు కింద అడ్డుచెక్క పెట్టలేదు. బండి దొర్లుకుంటూ టీ తాగుతున్న మనుషుల మీదికి వెళ్లిపోయింది!

"తప్పుకోండర్రా!" అని అరుస్తూ అద్దాలు ఊడబెరికాను.

"ఘబరావ్ మత్ భయ్యా!" అంటూ, కంగారుపడొద్దని శిక్షకుడు నవ్వాడు. నాకు మాత్రం అప్పుడే గుర్తొచ్చింది. ఆ పొద్దున నా అసలు డంపర్‌నీ వాలులో అలాగే వదిలి వచ్చాను.

పరుగెత్తాను. టైరు కింద చెక్క ఉంది. వెనకే వచ్చిన తోటి డ్రైవర్ అప్పలనాయుడు, "నువ్వెప్పుడూ మర్సిపోతావు గదా బావా! రోజూ నానే పెడతన్నాను" అన్నాడు.

ఒక్క ప్రమాదమూ చెయ్యలేదని నాకిచ్చిన షీల్డు ఇంట్లో ఉంది. దాన్ని చూస్తే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.