పీట పక్కన నిలబడిన మనిషి

మా పైవాటాలో ఉండే అమ్మాయిని వీధిపిల్లలు ఎలుకలమ్మ అంటారు. అమ్మాయి అన్నానే గాని నడివయసు దాటింది. మొగుడు పోయాడు, కూతురు కాపురానికి వెళ్లింది. మెదడు మీద పరిశోధనలు చేసే ల్యాబులో తెల్ల ఎలుకలను సాకడం ఆమె ఉద్యోగం. ఎలుక కనిపిస్తే చీపురు అందుకునే మనుషులం మనం. వాటికి మేత వేసి, పక్క మార్చి, ఒళ్లు నిమిరినందుకు జీతం ఇస్తారంటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. అందుకే ఆమె పని నుంచి వచ్చే వేళకు గుమ్మంలో కూర్చునేదాన్ని.

మొదట్లో ఆమెను బోన్లు కడిగే గదిలో వేశారు. వేడి ఆవిరి, తడిసిన రంపప్పొట్టు, ఉచ్చకంపు. అక్కడే దగ్గు పట్టుకుంది. ఏ మందుకూ లొంగలేదు. చివరికి ఎవరికో జాలి కలిగి ఈతగదికి మార్చారు.

"ఇక్కడే ఉండనిస్తే చాలు పిన్నీ. మళ్లీ ఆ ఆవిరిలోకి తోస్తే నా పని అయిపోయినట్టే" అంది ఒకనాడు.

"ఈతగదేమిటే? ఎలుకలకి ఈతా? పనీపాటా లేదా వాటికి?"

"ఉన్న పనే అది" అని, చతికిలబడి చెప్పింది.

పెద్ద గుండ్రటి తొట్టిలో పాలపొడి కలిపిన నీళ్లు పోస్తారు. ఆ తెల్లనీళ్ల అడుగున ఒకచోట చిన్న పీట ఉంటుంది, పైకి కనపడదు. ఎలుకను వదిలితే ఈదీ ఈదీ పీట దొరగ్గానే ఎక్కి నిలబడుతుంది. గోడల మీద గుండ్రం, చారలు, త్రికోణం బొమ్మలు అంటించి ఉంటాయి. వాటిని గురుతు పెట్టుకుని మరోసారి సూటిగా పీట దగ్గరికి రావాలి. కొన్ని ఎలుకలకు ముందే ఒక మందు ఎక్కిస్తారు.

"మెదడులో ఏదో రసాయనం ఊరుతుందట పిన్నీ. అది పనిచేస్తేనే చూసినదాని మీద ధ్యాస నిలుస్తుందట. ధ్యాస నిలిచిందే గుర్తుంటుందట. ఈ మందు దాన్ని అడ్డుకుంటుంది. ఎలుక బొమ్మను చూస్తుంది గాని మనసుకి పట్టదు."

"అయితే మీ బాబాయికి పెళ్లినాడే ఎవరో ఎక్కించారే ఆ మందు. కుళాయి బాగుచేసేవాణ్ణి పిలవమంటే వీధిమలుపు తిరిగేలోపు మరిచిపోతాడు."

నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. తెరిపిన పడ్డాక మళ్లీ చెప్పింది: భయపడినా చదువు ఎక్కదట, భయానికి వేరే రసాయనం ఊరి అంతా చెడగొడుతుందట. అందుకని ఈతకు ముందు కొన్నాళ్లు ఈమె ఒక్కొక్కదాన్నీ ఒళ్లో పెట్టుకుని చేతికి మచ్చిక చేస్తుంది.

ఇంతలో ల్యాబులో చిక్కు వచ్చింది. మందు పడిన ఎలుకలూ మిగతావాటిలాగే సూటిగా పీట ఎక్కేస్తున్నాయి. పరిశోధన చేసే మేడం మోతాదు పెంచింది. అయినా అంతే. ఏళ్ల కష్టం నీళ్లపాలని ఆవిడ ముఖం వేలాడేసుకుంది. మా పైవాటా అమ్మాయికి మాత్రం లోలోపల మురిపెం. "నా పిల్లలు మందుని కూడా మింగి కూర్చున్నాయి" అనేది.

అప్పుడే ఆమె జ్వరంతో మంచం పట్టింది. బదులు వచ్చిన మనిషి ఎలుకల్ని వదిలి ఈతగది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మందు పడినవీ పడనివీ అన్నీ తొట్టి చుట్టూ గానుగెద్దుల్లా తిరిగాయి.

జ్వరం తగ్గి వెళ్లగానే మేడం పిలిచి అడిగింది: "ఎలుకని వదిలాక నువ్వు ఎక్కడ నిలబడతావు?"

"పీట పక్కనే మేడం, తువ్వాలు పట్టుకుని. ఎక్కగానే తీసి తుడవాలిగా."

చిక్కంతా అక్కడే ఉంది. అవి గోడబొమ్మలు చూడలేదు, ఈమెను చూసి వచ్చాయి. తెలిసిన మనిషి దగ్గరికి రావడానికి ఆ రసాయనంతో అంత పని లేదట.

"రోజుకో చోట నిలబడేదాన్ని అనేస్తే పోయేది గదే" అన్నాను. నాకు ఒళ్లు మండింది.

"నిలబడిన చోటు నాకు గుర్తుంది. మందు పడింది ఎలుకలకి, నాకు కాదుగా పిన్నీ."

మేడం కేకలెయ్యలేదు. తొట్టి చుట్టూ తెర కట్టించి, ఈమెను తెర వెనక నిలబెట్టింది. అదీ కుదరలేదు. దగ్గు ఎటువైపు వినిపిస్తే ఎలుకలు అటే తిరిగాయి. వాటికి ఈ మనిషి ఆచూకీ దొరక్కూడదు, ఈ మనిషికేమో దగ్గు ఆగదు. బోన్ల గదిలో తప్ప ఇంకెక్కడా ఖాళీ లేదన్నారు.

మళ్లీ ఆవిరిలోకి వెళ్తోంది. నిన్న సాయంత్రం సగం మెట్లెక్కి, ఊపిరి అందక అక్కడే కూర్చుండిపోయింది. నీళ్లిచ్చి అడిగాను, పరీక్ష ఏమైందని.

"కుదిరింది. మందు పడనివి బొమ్మలు చూసి నేర్చుకున్నాయి. పడినవి తిరుగుతూనే ఉన్నాయి, పాపం. మేడం అందరికీ టీ ఇప్పించింది."

"నీకూ ఇచ్చిందా?"

"కడుగుడు గదికి వచ్చి మరీ ఇచ్చింది. మంచిదే పిన్నీ ఆవిడ."

కాసేపు మోకాళ్లు రాసుకుంది.

"బోన్ల బండి ఈతగది ముందు నుంచే తోసుకెళ్లాలి. దగ్గు వచ్చేట్టుంటే తువ్వాలు నోట్లో కుక్కుకుని గబగబా దాటేస్తా. వింటే మళ్లీ నా వైపే ఈదుతాయి."

గ్లాసు నా చేతికిచ్చి, గోడ పట్టుకుని మిగతా మెట్లు ఎక్కింది.