మామ తిన్న కేసరిబాత్

రవ్వతో చేసే ఆ తీపి, కేసరిబాత్, ఇప్పటికీ నాకు గొంతు దిగదు.

కాటన్‌పేటలో బట్టల అంగడి నడిపిన మా చిన్నమామ ఏ పెళ్ళిచూపులకు వెళ్ళినా మేనల్లుణ్ణని నన్ను వెంట తీసుకెళ్ళేవాడు, అక్కడ కాఫీ మాత్రమే తాగేవాడు. పిల్ల ఇంట్లో తీపి తింటే ఒప్పుకున్నట్టేనని మావాళ్ళ పట్టింపు. "పాప బంగారం, నేనే సరిలేను" అని దండం పెట్టి లేచేవాడు.

ఒకసారి తిరిగొస్తూ బస్సులో నాతో చెప్పాడు. "నాకు మగోళ్ళంటేనే ఇష్టమప్పా."

"మనసు మార్చుకో మామా. పెళ్ళైతే అన్నీ సర్దుకుంటాయి," అన్నాను.

"ఆడోళ్ళనే ఇష్టపడాలని నువ్వెప్పుడు అనుకొంటివప్పా?"

నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ తర్వాతి పెళ్ళిచూపుల్లో మామ కేసరిబాత్ తిన్నాడు. పెద్దవాళ్ళు సంబరంగా తాంబూలాల మాట ఎత్తారు. ఆయన మాత్రం ప్రతి చెంచాకూ తలెత్తి నన్నే చూశాడు, నేను వద్దంటానేమోనని ఆశగా.