గోడౌను వెనక పండబెట్టిన డ్రాగన్

మొదటి నెత్తురు ఒక చెవి తమ్మె నుంచి వచ్చింది.

బట్టలు ఆరేసే క్లిప్పులకు పచ్చ కాగితం అంటించి, పైన కళ్ళు గీసి, నోటి అంచున తెల్ల అట్టతో పళ్ళు కత్తిరించి పెట్టి, పిల్లలు తలా ఒక డ్రాగన్ చేసుకున్నారు. తోక దగ్గర నొక్కితే నోరు తెరుచుకుంటుంది, వదిలితే టక్కున మూసుకుంటుంది. జిగురు ఆరకముందే ఒకడి డ్రాగన్ ఇంకొకడి చెవిని కరిచింది. కరిపించినవాడు క్లిప్పు పట్టుకుని లాగాడు. కరిపించుకున్నవాడు తల విదిలించాడు. తమ్మె చీరుకుపోయింది. నేను పసుపు అద్ది వాణ్ణి ఒక మూట మీద కూర్చోబెట్టాను. ఆ రోజు డైరీలో, "క్లిప్పు డ్రాగన్లు. అందరూ చక్కగా చేశారు. ఒక చెవి తెగింది" అని రాసుకున్నాను.

మాది కేజీఎఫ్ బజారులో ధాన్యం అంగడి. రాగులు, బియ్యం, కందిపప్పు, మిరపకాయలు. ఇప్పుడు నా కొడుకు చూసుకుంటున్నాడు. నాకు డైరీ రాసుకోవడం, వేళకు మందులు మింగడం తప్ప వేరే పని లేదు. అంగడి వెనక గోడౌను, గోడౌను వెనక చుట్టూ గోడ కట్టిన ఖాళీ జాగా. వేసవి సెలవుల్లో వీధి పిల్లలు ఫోన్లు పట్టుకుని మూలల్లో కూర్చుంటున్నారు, లేదంటే గనుల కాలం నాటి సైనైడ్ మట్టి దిబ్బలెక్కి జారుతున్నారు. అది చూడలేక మా కోడలు గోడౌనులో సగం ఖాళీ చేయించి, పొద్దుటి పూట వాళ్ళకు ఆటలూ చేతిపనులూ మొదలుపెట్టింది. ఏం చేద్దామని అడిగితే పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచిన మాట డ్రాగన్.

"మామా, మీరు టైము చూసుకోండి. గలాటా కాకుండా చూసుకోండి," అంది కోడలు.

టైము మాత్రం చూసుకోగలిగాను.

కాగితపు గ్లాసు అడుగు కోసి, అంచుకు ఎర్రటి, పసుప్పచ్చటి కాగితపు చీలికలు అంటించి ఊదితే, డ్రాగన్ నోట్లోంచి మంట వచ్చినట్టు అవి రెపరెపలాడతాయి. బట్టలంగడి వాళ్ళ మనవడు, పదకొండేళ్ళవాడు, ఆ గుంపులో పెద్దవాడు. మా మిరపకాయల మూట అడుగున రాలిన పొడిని వాడు గ్లాసులో పోసి ఊదాడు. ఎదురుగా ఉన్న పిల్ల, ఊరిగాం పేట నుంచి వచ్చేది, కళ్ళు రెండూ పట్టుకుని నేల మీద పొర్లింది. నీళ్ళతో కడిగి లేపగానే అది ఏడుస్తూనే పోయి వాడి పొట్టలో తలతో గుద్దింది. గుడ్ల అట్టలు కత్తిరించి పొలుసులు కుట్టిన రోజు గోనె సూది ఒకడి తొడలో దిగింది. ఎవరూ ఇంటికి పోతామనలేదు. మరుసటి రోజు కట్లు కట్టుకుని ఇంకా ముందే వచ్చారు.

నా కొడుకు కూతురు, తొమ్మిదేళ్ళది, ఈ కొట్లాటల్లో లేదు. తన క్లిప్పు డ్రాగన్‌కు అగ్గిపెట్టెలో దూది పరిచి జో కొట్టేది. దాన్ని చూసి బట్టలంగడి మనవడు నవ్వేవాడు.

"మే, అది డ్రాగనా, నీ కొడుకా?"

"నీకెందుకు రా? నీ దానికి ముందు మూతి అంటించుకో, ఊడి పోయింది."

సెలవులు ముగిసే ముందు పిల్లలందరూ కలిసి ఒక పెద్ద డ్రాగన్ చేయాలని కోడలి కోరిక. అట్టతోనా, గుడ్డతోనా అని ఆలోచిస్తుంటే, సుగటూరు దగ్గరి పల్లె నుంచి మాకు రాగులు తోలే పెద్దాయన మూటలు దించుతూ విని, మట్టితో నేను చేసిస్తానన్నాడు. ఆయన పల్లెలో జాతరకు రాత్రుళ్ళు వీధినాటకం ఆడి, చివరి రోజు పగలు, ఓడిపోయే రాజు బొమ్మను చెరువు మట్టితో నేల మీద నిలువెత్తున పండబెడతారు. తొడలో కుంకుమ నీళ్ళ కుండ దాస్తారు. వేషగాడు గద పట్టుకుని ఆ బొమ్మ మీదికెక్కి తొక్కి, తొడ పగలగొడతాడు. నెత్తురు చిమ్మగానే ఊరంతా మీద పడి ఆ మట్టిని పెరుక్కుని పోతారు. రాగుల గాదెలో ఆ మట్టి ఉంటే ఏడాదంతా గాదె అడుగంటదని నమ్మకం. కోలారు నుంచి చిత్తూరు దాకా మా వైపు పల్లెల్లో పెరిగినవాళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేదు. ఆ బొమ్మ చేయడం ఈయనకు తండ్రి నుంచి వచ్చిన విద్య.

కోడలు ఆయనకు ఫోనులో డ్రాగన్ బొమ్మ చూపించింది.

"ఇదేమప్పా, ఉడుమా, మొసలా?"

"డ్రాగన్ తాతా. నోట్లో నుంచి నిప్పు వస్తాది," అంది మనవరాలు.

"నిప్పు దేనికి? బువ్వ వండుకునేకా?"

"శత్రువుల్ని కాల్చేకి."

"అట్లయితే మా రాజు మాదిరే పొగరుబోతు. పండబెడదాం రా."

ట్రాక్టరులో చెరువు మట్టి వచ్చింది. పిల్లలు దాన్ని తొక్కి తొక్కి మెత్తబరిచారు. మిగతావాళ్ళు కాసేపు తొక్కి, కాసేపు ఒకరి మొహాన ఒకరు కొట్టుకుని పోయారు. మనవరాలు మాత్రం పెద్దాయన పక్కనే ఉండిపోయింది. టీ గ్లాసు అంచుతో ఒత్తి ఒత్తి పొలుసులన్నీ అదే వేసింది. టెంకాయ చిప్పలు పగలగొట్టి పళ్ళు గుచ్చింది. చేతులు కోసుకుపోయినా చెప్పలేదు. ఒక పక్కకు ఒరిగి, రెక్క మడిచి, గోడ పొడవునా తోక చాపి పండుకున్న ఆ మృగం నిజంగానే ఊపిరి తీస్తున్నట్టు ఉండేది.

పని అయిపోయే సాయంత్రం పెద్దాయన ఒక చిన్న కుండ తీసుకుని గొంతు దగ్గర గుంత తవ్వాడు.

"అది యాడికి తాతా?"

"గొంతులోకి. కొడితే నెత్తురు రావాల కదా."

"ఎవురు కొడతారు?"

"ఎవురో ఒకరు. పండబెట్టినామంటే సంపేకే కదమ్మా. సుమ్నె, ఊరికే పండబెడతారా ఎవురన్నా?"

మనవరాలు మట్టి చేతులతోనే నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "తాతా, దాన్ని సంపొద్దని చెప్పు. వానొచ్చి కరిగిపోయేదాకా ఉండనీ."

అప్పటికే గోడ మీద పిల్లలు వెదురు కర్రలతో కూర్చుని ఉన్నారు. బట్టలంగడి మనవడు కిందికి దూకాడు. "డ్రాగన్ అంటేనే సంపేది మే. గేములో అంతే. సంపకపోతే ఇంగ దేనికి చేసినట్టు?"

"చేసింది నేను. అది నాది."

"మట్టి మీ తాత దుడ్లతో వచ్చింది. నీదెట్లయితాది?"

అది వాడి మీద పడి జుట్టు పట్టుకుంది. కోడలు ఇద్దరినీ విడదీసి, ఆటతోనే తేల్చుకోమంది. డ్రాగన్ తోక ఆట పిల్లలందరికీ తెలుసు. ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా నిలబడాలి. ముందున్నది తల, చివరిది తోక. తోక నడుముకు తువ్వాలు దోపుకుంటుంది. రెండు వరసలు. ఎదుటివాళ్ళ తువ్వాలు ఎవరు ముందు లాగితే వాళ్ళు గెలిచినట్టు. మనవరాలి వరస గెలిస్తే మట్టి డ్రాగన్ బతుకుతుంది. ఓడితే దానికి దెబ్బలే.

మరునాడు పొద్దున వీధిలో ఆడవాళ్ళందరూ చూడ్డానికి వచ్చారు. నా భార్య అందరికన్నా ముందు గోనె సంచి పరుచుకుని కూర్చుంది. ఆమె పుట్టినూరు ఆవని పక్క పల్లె, అక్కడా జాతరకు రాజును పండబెడతారు.

నేను ఈల ఊదాను. ఆ తర్వాత ఈల ఎవరికీ వినబడలేదు. మనవరాలు తోక. దాని వరసకు తల కళ్ళల్లో మిరపపొడి పడిన ఊరిగాం పిల్ల. రెండో వరసకు బట్టలంగడి మనవడు తల. వరసలు ఒకదాన్నొకటి చుట్టుకుని పాముల్లా పెనుగులాడాయి. మోచేతులు దవడలకు తగిలాయి. మధ్యలో ఒక పిల్లవాడి ముక్కు పగిలి చొక్కా ముందంతా ఎర్రబడింది. వాడు పట్టు వదల్లేదు. బట్టలంగడి మనవడు మనవరాలి తువ్వాలు కొసదాకా వచ్చి దాని లంగా చింపాడు. అది వెనక్కి కాలితో తన్నింది, వాడి మోకాలి చర్మం లేచిపోయింది. అప్పుడు ఊరిగాం పిల్ల వాడి ముంజేతిని పళ్ళతో పట్టుకుంది. వాడు అరిచాడు. వాడి వరస తెగింది. ఆ సందులో ఊరిగాం పిల్ల దూరి వాళ్ళ తోక తువ్వాలు లాగి గాల్లో ఎత్తింది.

గెలిచారు. మనవరాలు అరుస్తూ ఎగిరింది. ఆ ఊపులో రెండు వరసలూ కుప్పకూలాయి. అడుగునుంచి తప్పించుకోబోయిన బట్టలంగడి మనవడు వెల్లకిలా మట్టి డ్రాగన్ మెడ మీద పడ్డాడు. వాడి మోచెయ్యి గొంతులో దిగబడింది. లోపల కుండ పగిలింది. కుంకుమ నీళ్ళు వాడి మొహం మీదుగా చిమ్మి గోడకు కొట్టాయి.

పిల్లలు కదల్లేదు. కదిలింది తల్లులు.

ఎవరో గోవిందా అని గొంతెత్తారు. అంతే. పల్లెల నుంచి కోడళ్ళుగా వచ్చిన ఆడవాళ్ళంతా కొంగులు బిగించి ఒక్కసారిగా మీద పడ్డారు. అందరికన్నా ముందు నా భార్య. గోళ్ళతో పొలుసులు పెరికారు. రెక్కను రెండు ముక్కలు చేశారు. తల కోసం ఇద్దరు ఒకరినొకరు తోసుకున్నారు, గాజులు పగిలి చేతులు కోసుకున్నాయి. కాళ్ళ కింద పడి ఉన్న బట్టలంగడి మనవణ్ణి ఎవరూ చూడలేదు. వాణ్ణి కోడలు ఈడ్చి తీసింది. "ఆగండి, ఆగండి," అని ఆమె అరుస్తూనే ఉంది. పక్కింటావిడ కోడల్నే పక్కకు నెట్టి, "నువ్వు టౌన్‌లో పుట్టినదానివి, నీకేం తెలుస్తాది," అని మట్టి కోసం వంగింది.

మనవరాలు నేల మీది వెదురు కర్ర తీసుకుంది. కంటికి కనబడిన ప్రతి చేతినీ కొట్టింది. వేళ్ళ మీద, భుజాల మీద, వీపుల మీద. చివరి దెబ్బ దాని అవ్వ మణికట్టు మీద పడింది. ఎండు పుల్ల విరిగినట్టు చప్పుడు నాకు గోడ దగ్గరికి వినిపించింది.

అప్పుడు అందరూ ఆగారు. నా భార్య కూలబడింది. పిడికిట్లో మట్టి మాత్రం వదల్లేదు. ఎడమ చేతిలోకి మార్చుకుని, "అంగడి గాదెలో వేసిరా," అని నాకే ఇచ్చింది.

ఆసుపత్రిలో ఎలా విరిగిందని డాక్టరమ్మ అడిగితే, "మట్టి దొంగతనం చేస్తా ఉంటే మనవరాలు పట్టుకునింది," అంది.

కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేసరికి మనవరాలు తలుపు పక్కన నిలబడి ఉంది. ఏడవలేదు.

"కోపం పోయిందా?" అడిగింది అవ్వ.

"లేదు."

"ఇంగోసారి కొడతావా?"

"మళ్ళీ తీస్తే కొడతాను."

"నెత్తురు కనబడితే మాకు కాళ్ళు ఆగవే తల్లీ. మా అమ్మకు ముందరి పన్ను ఆ మట్టి కాడనే పోయింది."

"మేము గెలిచినాము అవ్వా. గెలిచినాక సంపినారు."

మట్టి తిరిగి ఇవ్వమని మనవరాలు అడిగింది. గాదెలో చేరిన మట్టి బయటికి పోకూడదని నా భార్య అంది. ఇద్దరూ ఆ రాత్రి ఒకే కంచం ముందు కూర్చుని ఒకరినొకరు చూసుకోకుండా తిన్నారు.

మరునాడు పొద్దున గోడౌను తలుపు ఎవరో కాలితో తన్నారు. తీస్తే బట్టలంగడి మనవడు, వాడి వెనక మిగతావాళ్ళు. పెదవులు వాచి ఉన్నాయి. వాడి కాళ్ళ మీద చీపురు వాతలు కొత్తగా కనబడుతున్నాయి. తట్టలో, టోపీలో, చొక్కా మడతలో మట్టి. ఎవరింటి గాదెలో ఉన్నది వాళ్ళు తవ్వుకొచ్చారు. ఆ సంగతి తెలిసి తల్లులు బాదారు.

"ఇదేం న్యాయం తాతా?" అని వాడు నా మీదికే వచ్చాడు. "మేము ఓడినాము, సరే. మేము సంపను కూడా లేదు. అవ్వోళ్ళు, అమ్మోళ్ళు సంపేసినారు. మళ్ళీ కట్టమనండి. మళ్ళీ ఆడతాము."

"మళ్ళీ ఓడిపోతారు," అంది మనవరాలు.

"కట్టు ముందు. ఆ మాట తరువాత చెప్పు."

నా భార్య వింటూ ఉంది. లేచి అంగడిలోకి పోయి, ఎడమ చేతిని గాదెలోకి భుజందాకా దూర్చి, రాగులు అతుక్కున్న ఆ ముద్దను తెచ్చి నేల మీద పెట్టింది. "కాళ్ళతో బాగా తొక్కండి రా, లేకుంటే పగుళ్ళు వస్తాయి," అని మాత్రం అంది.

తెచ్చిన మట్టికి మేకపిల్ల అంత డ్రాగన్ అయింది. ఇంగ ఆడదామని మనవరాలు లేచింది. బట్టలంగడి మనవడు అడ్డం నిలబడ్డాడు.

"గొంతులో కుండ యాడ?"

"కుండ వద్దు. కుండ ఉంటే మళ్ళీ వాళ్ళు దూకుతారు."

"నెత్తురు లేకపోతే సంపినట్టు కాదు. కుండ లేకపోతే మేము ఆడము. మా మట్టి మాకిచ్చేయ్, పోతాము."

అది వాళ్ళను చూసింది, మట్టిని చూసింది. ఒక్కొక్కరు తమ భాగం పట్టుకుపోతే మిగిలేది ఒక కాలు, సగం తోక. గోడ అవతల అప్పటికే ఆడవాళ్ళ గొంతులు వినబడుతున్నాయి.

లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. నీళ్ళు తనే కలిపింది. చిన్న కుండను గొంతులో దూర్చి, పైన మట్టి మెత్తి, వేలితో పొలుసులు దిద్దింది. నా భుజం మీది తువ్వాలు లాక్కుని నడుముకు దోపుకుని, డ్రాగన్‌కు అడ్డంగా నిలబడింది.

"ఇంగ రండి రా," అంది.